ఊరి కన్ను

తెలంగాణ పల్లెలలో రాతితోను, మట్టితోను గుండ్రంగా కట్టిన ఎత్తైన కట్టడాలు అక్కడక్కడ కనిపిస్తాయి. వాటిని బురుజులంటారు. ‘బుర్జ్’ అనే అరబ్బీ పదం పారసీ, ఉర్దూ భాషల మీదుగా వచ్చి తెలుగులో ఇలా స్థిరపడింది. దీనికి సాటివచ్చే ప్రాచీన పదం కొత్తళం. కావ్యాలలోని కొత్తళాలు రాజుల కోటలకు శోభ. పల్లె బురుజు మాత్రం రైతుకు అవసరం. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను కాసినట్లే, దోపిడి మూకలు తిరిగే రోజులలో ఊరివారు బురుజెక్కి దారులను కాచేవారు. బురుజు ఊరికి మంచె.

అటువంటి బురుజులలో బైరాన్‌పల్లి బురుజు చరిత్రకెక్కింది. ఈ గ్రామం నిజాం పాలనలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. తరువాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016 పునర్విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఆ తాలూకాలోనిదే కడవెండి. 1946 జూలై 4న అక్కడ దొడ్డి కొమరయ్య దొరల గూండాల కాల్పులలో నేలకొరగడంతో రైతాంగ పోరాటం సాయుధరూపం దాల్చింది. 1947 తరువాత ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు పల్లెలపై పడి దోచుకోసాగారు.

బైరాన్‌పల్లి యువకులు రక్షకదళంగా ఏర్పడ్డారు. పాతబడిన బురుజును బాగుచేసుకొని, దానిపై రేయింబవళ్లు కాపలా పెట్టారు. వారి వద్ద ఉన్నవి భర్మారు తుపాకులు, వడిసెలలు. నిన్నటిదాకా చేలో పిట్టలను తోలిన వడిసెలే అది! దూరాన గుంపు కనబడగానే పైనుండి నగారా మోగేది. ఆ మోతకు ఊరంతా ఒక్కటయ్యేది. నిజానికి బురుజు బలం గోడలలో కంటె అది ఇచ్చే వ్యవధిలో ఉన్నది. శత్రువు ఊరు చేరేలోపు చేతికందిన ఆ కొద్దిసేపే జనానికి ఆయుధం. ఆ విధంగా దాడులను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టగలిగారు. పరాజయం రజాకార్లలో పగ రగిల్చింది.

1948 ఆగస్టు 27. తెల్లవారకముందే రజాకార్లు, నిజాం పోలీసులు వందల సంఖ్యలో వచ్చి గ్రామాన్ని చుట్టుముట్టారు. ఈసారి ఫిరంగి తెచ్చారు. చీకటి కావలివారి చూపును కప్పింది, ఫిరంగి వడిసెలను నిరర్థకం చేసింది. బురుజుపైనున్న యువకులు తమ వద్ద మందుగుండు ఉన్నంతసేపు ఎదిరించారు. ఫిరంగి దెబ్బకు అక్కడి మందుగుండు నిల్వ అంటుకొన్నది. బురుజు చేజారిన తరువాత ఊరిలో సాగినది యుద్ధం కాదు, ఊచకోత. పురుషులను పట్టి తెచ్చి వరుసగా నిలిపి కాల్చారు. స్త్రీలపై జరిగిన అత్యాచారాలను వృద్ధులు ఏళ్ల తరబడి గొంతు తగ్గించి చెప్పుకొన్నారు. ఆనాడు ఎనభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. బైరాన్‌పల్లి నేలకూలిన నాటికీ ఆ దినానికీ నడుమ ఇరవైయొక్క రోజులు.

తరువాతి కాలంలో జనం గ్రామం పేరుకు ముందు ‘వీర’ శబ్దం చేర్చి పిలిచారు. అమరుల పేర్లతో స్తూపం వెలిసింది. ఏటా ఆగస్టు 27న ఊరివారు అక్కడ చేరి పూలు ఉంచుతారు. పైన ఇప్పుడు కావలివారు లేరు. బురుజు మాత్రం శిథిలమవుతూ కూడా ఆ దారులవైపే చూస్తూ నిలిచి ఉన్నది.