పాత 8085 ట్రైనర్ కిట్ దొరికిందా? ప్లగ్ పెట్టే ముందు ఇది చదవండి

కొత్త ఫోన్ గురించి మనం మొదట అడిగేది ప్రాసెసర్ ఏంటనే. కానీ ఆ ప్రాసెసర్ ఒక్కో అడుగు ఎలా వేస్తుందో ఫోన్‌లో మనకు కనపడదు. 8085 ట్రైనర్ కిట్‌లో కనపడుతుంది. ఒక బోర్డు, హెక్స్ కీప్యాడ్, ఎర్రగా వెలిగే ఆరు సెవెన్ సెగ్మెంట్ అంకెలు, అంతే. ఓఎస్ లేదు, టచ్ లేదు. మన ముందు బ్యాచ్‌ల వాళ్లు ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ ల్యాబుల్లో మైక్రోప్రాసెసర్ నేర్చుకున్నది వీటి మీదే.

చీరాలలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో నాకు ఒకే మోడల్ కిట్లు మూడు దొరికాయి. ఒకదానికి చిప్పులన్నీ అప్పటికే పీకేశారు. మిగతా రెండింటిని బాగుచేసిన పద్ధతే ఈ పాఠం. అన్నిటికంటే ముఖ్యమైన రూల్ ముందే చెప్పేస్తా: దొరకగానే కరెంటు ఇచ్చి చూడొద్దు. ముందు లోపలి ప్రోగ్రామ్ కాపీ తీయండి.

ఇది ఏ కిట్? ఇలా గుర్తుపట్టండి

బెంగళూరు ఈఎస్ఏ, చెన్నై వీఐ మైక్రోసిస్టమ్స్ లాంటి కంపెనీల కిట్లు మన దగ్గర ఎక్కువ. పేరు చెరిగిపోయినా చిప్పులే చెబుతాయి. 40 కాళ్ల పెద్ద చిప్ మీద 8085 అని ఉందా చూడండి. ఇంటెల్ దీన్ని 1976లో తెచ్చింది. దాదాపు 6,500 ట్రాన్సిస్టర్లు. పక్కన 8255 ఉంటే అది బయటి పరికరాలతో మాట్లాడే పోర్టుల చిప్. 8279 అయితే కీప్యాడ్, డిస్‌ప్లే చూసుకునేది. 8253 టైమర్.

నంబర్ అరిగిపోయిందా? మల్టీమీటర్ ఉందిగా. 8085లో 5 వోల్టులు 40వ కాలికి, గ్రౌండ్ 20వ కాలికి. జెడ్80కి కూడా 40 కాళ్లే, కానీ దానికి 5 వోల్టులు 11కి, గ్రౌండ్ 29కి. 8086లో అయితే 1, 20 రెండూ గ్రౌండే. కంటిన్యుటీ మోడ్‌లో రెండు నిమిషాల పని.

వయసు తెలియాలంటే చిప్ మీద నాలుగంకెల కోడ్ చూడండి. 8734 అంటే 1987వ సంవత్సరం 34వ వారం. కాపీరైట్ గుర్తు పక్కనున్న ఏడాదిని తయారీ ఏడాది అనుకోవద్దు.

ముందు ప్రోగ్రామ్‌ని కాపాడండి

కీ నొక్కితే అంకె వెలిగేలా చేసేది మానిటర్ ప్రోగ్రామ్. అది చిన్న గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ చిప్‌లో ఉంటుంది. 2716 అయితే 2 కేబీ, 2732 అయితే 4, 2764 అయితే 8. ప్రాసెసర్ పోతే ఇంకోటి దొరుకుతుంది. ఈ ప్రోగ్రామ్ ఆ కంపెనీ ఆ మోడల్ కోసం రాసుకున్నది. అది పోతే బోర్డు ఉన్నా లేనట్టే.

ఆ కిటికీ మీద స్టిక్కర్ అందుకే. నేరుగా ఎండ తగిలితే సుమారు వారంలో, ట్యూబ్‌లైట్ వెలుతురులో సుమారు మూడేళ్లలో డేటా చెరిగిపోవచ్చు. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే వెంటనే నల్ల టేప్ వేయండి. తర్వాత చిప్‌ని నెమ్మదిగా రెండు వైపుల నుంచీ లేపి, యూఎస్‌బీ ప్రోగ్రామర్‌లో పెట్టి మూడుసార్లు చదవండి. మూడు ఫైళ్లూ ఒకేలా ఉంటేనే నమ్మండి.

నా మొదటి కిట్‌లోని 2764 శుభ్రంగా చదివింది. రెండోదానికి స్టిక్కర్ లేదు. చదివితే మొత్తం ఎఫ్ఎఫ్ లే, అంటే ఖాళీ. మొదటిదాని ఫైల్‌ని దాంట్లోకి రాశాను. ఆ ఒక్క ఫైల్ లేకపోతే రెండో కిట్ తూకానికే వెళ్లేది. రాసేముందు వోల్టేజ్ చూసుకోండి: 2716కి 25 వోల్టులు కావాలి, 2764లో రకాన్ని బట్టి 21 లేదా 12.5. చదవడానికి మాత్రం ఏదైనా 5 వోల్టులే.

శుభ్రం చేయడం

చీరాల నుంచి వాడరేవు ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి చిప్ కాళ్లు, సాకెట్లు నల్లబడతాయి. ప్రతి చిప్‌ని తీసి, కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాడి ఎటు ఉందో ఫోటో ప్రకారం మళ్లీ పెట్టండి. ర్యామ్ డేటా నిలబెట్టే నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే తీసేయండి. కారిన పచ్చటి మరకని కొంచెం వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడగండి. కారేది క్షారం కాబట్టి వెనిగర్ దాన్ని విరిచేస్తుంది.

ఇప్పుడు కరెంటు

పాత పవర్ సప్లైని నేరుగా తగిలించొద్దు. ముందు బోర్డు మీద 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందేమో చూడండి. ఉంటే మొదటి అనుమానం టాంటలం కెపాసిటర్ల మీద. తర్వాత కరెంట్ లిమిట్ పెట్టుకునే బెంచ్ సప్లైతో 5 వోల్టులు ఇవ్వండి. 4.75 నుంచి 5.25 మధ్యే ఉండాలి. ఏ చిప్ అయినా చెయ్యి పెట్టలేనంత కాలితే వెంటనే ఆపేయండి.

మొదటి ప్రోగ్రామ్

డిస్‌ప్లే వెలిగిందా? మీ కిట్‌లో యూజర్ ర్యామ్ 8000 దగ్గర మొదలైతే, అక్కడి నుంచి వరుసగా ఇవి కొట్టండి:

06 04 78 80 32 50 80 76

06 04 అంటే బీ రిజిస్టర్‌లో 4 పెట్టు. 78 అంటే దాన్ని ఏ లోకి కాపీ చెయ్యి. 80 అంటే బీ ని ఏ కి కలుపు. 32 50 80 అంటే జవాబుని 8050లో దాచు. చిరునామాలో వెనక సగం ముందు వస్తుంది, అందుకే 50 ముందు. 76 అంటే ఆగు. రన్ చేసి, రీసెట్ నొక్కి, 8050 చూడండి. 08 కనపడితే ప్రాసెసర్, ర్యామ్, కీప్యాడ్, డిస్‌ప్లే అన్నీ పనిచేస్తున్నట్టే.

ఇక చివరి పని. బోర్డు మోడల్, వర్షన్ నంబర్లతో ఆ ఈప్రామ్ ఫైల్‌కి పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. అదే మోడల్ ఇంకెవరి దగ్గరైనా చచ్చిపడి ఉంటే, వాళ్లకి కావాల్సింది మీ దగ్గరున్న ఆ 8 కేబీలే.