సంఘపు క్రొత్త ల్యాప్‌టాపు: దాని రక్షణ, దాని వేగము

2017వ సంవత్సరము మే నెల 12వ తేదీన ప్రపంచమంతట కంప్యూటర్లకు ‘వాన్నక్రై’ యను చీడ తగిలినది. మరునాటికి మన రాష్ట్ర పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము జిల్లాలతోపాటు మన శ్రీకాకుళము జిల్లాలోని యంత్రములు సయితము కొన్ని దాని వాతబడినవి. ఈ చీడ కంప్యూటరులోని దస్త్రములకు తాళము వేసి, తీయవలెనన్న సొమ్ము చెల్లింపుమని తెరమీద వ్రాయును. దీనికి మందు లేకపోలేదు. విండోసును తయారుచేయు మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలు ముందుగనే, తగిన అప్‌డేటును విడుదల చేసియుండిరి. దానిని వేసికొనిన యంత్రములలో ఆ లోపము పూడిపోయినది. వేసికొనని వాటికి ద్వారము తెరచియే యున్నది.

రైతులకు ఈ సంగతి యేలయని కొందరనవచ్చును. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. చిట్టా ఆవర్జాలు పోయి ల్యాప్‌టాపులు వచ్చుచున్నవి. సభ్యుని పంటఋణము, ఆధారు నకలు, పట్టాదారు పాసుపుస్తకపు నకలు ఆ పెట్టెలోనే చేరుచున్నవి. కావున ఆ పెట్టె క్షేమము గుమాస్తాగారి యొక్కరి పని కాదు.

విజయనగరము జిల్లాలో మేము వెళ్ళిన యొక సంఘమున క్రొత్త ల్యాప్‌టాపు వచ్చి యేడు నెలలైన కాలేదు. మీట నొక్కిన పిమ్మట తెర సిద్ధమగుటకు పది నిమిషములు పట్టుచుండెను. బయట ఎరువుల బస్తాలకై రైతులు నిలువబడి యుండిరి. “ఇదప్పుడే ముసిల్దయిపోనాది బాబూ, కొత్తది తెప్పించాల” అని గుమాస్తా మాతో మొరపెట్టుకొనెను. మేము కూర్చుండి చూచితిమి. కొనినప్పుడే వచ్చి గడువు తీరిపోయిన యాంటీవైరసు ఒకటి, ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి యెక్కించిన దొంగనకలు యాంటీవైరసు మరొకటి, పిల్లల ఆటలు, సినిమాలు, పేరు తెలియని ‘వేగవర్ధక’ సాఫ్టువేరులు రెండు. యంత్రము లేచుటతోడనే ఇవన్నియు తామును లేచి పని మొదలిడుచున్నవి. వరిమడిలో ఊద మొక్క మొదట వరివలెనే కనబడును. మనము వేసిన ఎరువు తాను తిని ఎదుగును. ఇదియు అట్టిదే. సెట్టింగ్సులోని ‘యాప్స్’ అను చోట అనవసరమైనవాటిని తొలగించితిమి. టాస్క్ మేనేజరు తెరచి ‘స్టార్టప్’ పట్టికలో మిగిలినవాటిని ఆపివేసితిమి. డిస్కులో అయిదవ వంతు ఖాళీ చేసితిమి. పైకము ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. యంత్రము నిమిషములోపల లేచుచున్నది. దొంగనకలు సాఫ్టువేరు తీసివేయుటతో దాని వెంట చీడ వచ్చు త్రోవయు మూసికొనినది.

విండోసుతో వచ్చు డిఫెండరు, అప్‌డేట్లు తప్పక వేసినయెడల, సంఘపు పనికి చాలునని మా యభిప్రాయము. దానిపై మరి రెండు యాంటీవైరసు లెక్కించుట ఒక మడికి ముగ్గురు నీరుకట్టువాండ్రను పెట్టుట వంటిది.

ప్రతి నెల రెండవ మంగళవారమున మైక్రోసాఫ్టువారి అప్‌డేట్లు వెలువడును. అమెరికాలో పగలు గనుక మన కది రాత్రి యగును. ఆ బుధవారము సాయంకాలము యంత్రమును ఛార్జింగునకు, ఇంటర్నెట్టుకు తగిలించి వానిని దిగనిచ్చి, పిదప ‘రీస్టార్ట్’ అను మీట నొక్కవలెను. ‘షట్‌డౌన్’ చేసిన చాలదా యని పలువు రడిగిరి. చాలా యంత్రములలో షట్‌డౌను చేసినను, మరునాడు త్వరగా లేచుటకై విండోసు తన స్థితిలో కొంత దాచుకొనును. రీస్టార్టు చేసినపుడే సమస్తము మొదటినుండి మొదలగును. వారమున కొకసారి రీస్టార్టు చేసిన మందకొడితనమును చాలవరకు తగ్గును.

ఇక తాళపుచెవుల మాట. ఇంటి భోషాణపు చెవి పెద్దల వద్ద నుండును గాని పనివారందరి మొలను వ్రేలాడదు. ల్యాప్‌టాపులోను రెండు ఖాతాలుండవలెను: సాఫ్టువేరు ఎక్కించుటకు అధికారముగల అడ్మినిస్ట్రేటరు ఖాతా యొకటి, నిత్యపు పనికి సామాన్య ఖాతా యొకటి. సామాన్య ఖాతాలో పొరపాటున చీడ నొక్కినను అది యంత్రపు మూలమునకు దిగుట కష్టము. విండోస్ 11 గల క్రొత్త యంత్రములు పెక్కింటిలో డిస్కు తనంతట తాళము వేసికొనును; దొంగ యెత్తుకొనిపోయినను సభ్యుల కాగితములు చదువలేడు. అయితే దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో నుంచనియెడల ఒకానొక నాడు మనమును చదువలేము.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడి నేలకూలుట, దినములతరబడి విద్యుత్తు లేకుండుట మన మెరుగుదుము. సర్వరుకు చేరిన లెక్కలు అక్కడ నుండవచ్చును గాని, ల్యాప్‌టాపులోనే యున్న ఉత్తరములు, జాబితాలు, నకళ్ళ మాటేమి? విత్తనమును ఒకే పురిలో పోయు రైతు లేడు. రెండు బయటి హార్డ్‌డిస్కులు కొని, వారమున కొకదాని చొప్పున నకలు తీసి, ఒకదానిని వేరొక భవనమున నుంచవలెను. నకలు తీయగనే డిస్కును ఊడదీయుట మరువరాదు. వాన్నక్రై వంటి చీడ తగులుకొని యున్న డిస్కునకు సయితము తాళము వేయును. మూడు నెలల కొకసారి ఆ నకలునుండి ఒక దస్త్రమును తెరచి చూడుడు. తెరచుకొనని నకలు మొలకెత్తని విత్తనమే.

గోదాములో ధాన్యపు దుమ్ము గాలిరంధ్రములలో పట్టి యంత్రము వేడెక్కును; వేడెక్కిన యంత్రము తానే నెమ్మదించును. బల్లమీద నుంచవలెను, గోనెసంచులమీద గాదు.

మీ యంత్రమునకు వైరసు పట్టినది, మేము దూరమునుండి బాగుచేసెదమని ఎవరైన ఫోను చేసినచో వారు చెప్పిన యాప్ ఏదియు ఎక్కింపకుడు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. పాత యంత్రముల విషయము: విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టివాటిని మార్చునపుడు డిస్కును పూర్తిగా తుడువక పాతసామానుల వర్తకునికి అమ్మరాదు. అందు సభ్యుల ఆధారు నకళ్ళు ఇంకను ఉండును.