గేటుకు తాళం పడే తేదీ

ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డు ఏటా మే నెలలో మూతపడుతుంది. జూన్‌లో మళ్లీ తెరిచేదాకా, దాదాపు నెల రోజులపాటు వేలం ఉండదు, కాటా ఉండదు, సరుకు లారీ లోపలికి రాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే రోజులుండే చోటు అది. కోట్ల రూపాయలు చేతులు మారే చోట, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వేసవి సెలవులు, రైతులు సరుకు తేవద్దు అని ముందే ప్రకటించి గేట్లు మూసేస్తారు. మామూలు రోజుల్లో కూడా శని, ఆదివారాలు అక్కడ క్రయవిక్రయాలు జరగవు.

ఇందులో అవసరమూ ఉంది. మే ఎండలో, షెడ్ల కింద మిరప ఘాటు గాల్లో తేలుతుంటే టిక్కీ భుజానికెత్తుకున్న హమాలీ ఎంతసేపని నిలబడతాడు? అప్పటికి కోతలూ పూర్తవుతాయి, సరుకు రాకా తగ్గుతుంది. కానీ నన్ను ఆకట్టుకునేది కారణం కంటే పద్ధతి. పని తగ్గాక చూద్దాం అని వదిలేయకుండా తేదీ ముందే వేస్తారు. రైతు, కమీషన్ వ్యాపారి, ఎగుమతిదారు, ముఠా మేస్త్రీ అందరూ ఆ తేదీని బట్టి తమ పనులు సర్దుకుంటారు.

మన ఇళ్లలో ఈ తేదీ ఉండదు. ఈ సీజన్ ఒక్కటి గడవనీ అంటాం. పత్తి, మిరప వేసే ఊళ్లో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు, సీజన్ గడవదు. జులైలో మిరప నారుమడి, ఆ తర్వాత నాట్లు, చలికాలమంతా పురుగు మందులు, జనవరి నుంచి కోతలు, ఎండలు ముదిరేదాకా కళ్లాలు. పక్క చేలో పత్తి తీతలు. చేతికి డబ్బు రాగానే అప్పులు తీర్చటం, వచ్చే ఏటికి కౌలు మాట్లాడుకోవటం, మళ్లీ విత్తనాల వేట. ఈలోగా పిల్లవాడు పదో తరగతి దాటేస్తాడు. ఆ తర్వాత కార్పొరేట్ కాలేజీ హాస్టల్, ఆపైన హైదరాబాదో అమెరికానో. నాన్నకు తీరిక దొరికేసరికి కొడుక్కి తీరిక ఉండదు. ‘అంతా పిల్లల కోసమే కదా’ అన్న మాట మన ప్రాంతంలో నేను విన్నన్నిసార్లు మరో మాట వినలేదు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ పిల్లలు చిన్నగా ఉన్నది పదేళ్లే.

యార్డు నెల రోజులు మూసినా గుంటూరు దివాలా తీయదు, ఎందుకంటే సరుకు ఏసీల్లో ఉంటుంది. చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. అక్కడ పెట్టిన కాయ నెలల తరబడి రంగు పోదు, ఘాటు తగ్గదు. మన పనుల్లో కూడా అలా ఏసీలో పెట్టదగినవి చాలా ఉన్నాయి. కళ్లంలో కాయ ఎండుతుండగా మబ్బు పడితే అర్ధరాత్రయినా పరుగెత్తి పట్టా కప్పాల్సిందే. విచ్చిన పత్తి వానకు తడిస్తే రంగు మారి ధర పడిపోతుంది, అప్పుడు అన్నం పక్కన పెట్టి అయినా చేలోకి వెళ్లాల్సిందే. ఇలాంటివి ఆగవు. కానీ రాత్రి తొమ్మిదింటికి వచ్చిన ఆఫీసు మెయిల్, రేపు ఉదయం కూడా అంతే ఉండే బాకీల లెక్క, దుకాణం కట్టేశాక వచ్చే ఫోన్లు, వీటిలో వానకు తడిసేది ఏది? నిజాయతీగా విడదీసి చూస్తే ఆగనివి తక్కువే ఉంటాయి. అన్నిటినీ కళ్లంలో కాయల్లాగే చూడటం వల్లే మనకు ఊపిరాడటం లేదు.

గంటలు పెంచితే ఫలితం పెరుగుతుందన్న నమ్మకం కూడా మనల్ని గట్టిగా పట్టుకుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు పల్నాడు రైతులు చేలోనే ఉండిపోయారు. మందు మీద మందు కొట్టారు. పూతంతా రాలిపోయింది. తోటలు పీకేసినవాళ్లు, దున్నేసినవాళ్లు ఉన్నారు. వాళ్లు కష్టపడలేదని ఎవరనగలరు? కష్టానికి అందని కారణాలు కొన్ని ఉంటాయి. వాటి భారం మన నిద్ర మీద, మన ఇంటి మీద వేసుకున్నంత మాత్రాన పూత నిలవదు. అదే 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా వెలువరించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35-40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. 2016 ఒక్క ఏడాదిలోనే దాదాపు 7,45,000 మరణాలకు ఈ అతి పని కారణమని లెక్కగట్టాయి. ఇంటి పెద్ద మంచాన పడితే, ఎవరి కోసం పరుగెత్తాడో వాళ్లే ఆ ఆసుపత్రి బిల్లు కట్టాలి.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నంత మాత్రాన సరిపోదు. నాకు తెలిసిన ఒక కమీషన్ వ్యాపారి సెలవుల్లో ఇంటిపట్టునే ఉంటాడు. మనిషి సోఫాలో, మనసు ఫోన్‌లో. తేజ రకం మిర్చి ఎంత పలుకుతుంది, 334 రకం ఎంత, ఏసీ సరుకు ఎవరైనా అడుగుతున్నారా! కూతురు బొమ్మ గీసి తెచ్చి, ‘నాన్నా, ఇది చూడు’ అంటుంది. ‘ఒక్క నిమిషం తల్లీ’ అంటాడు. ఆ పిల్ల కాసేపు అక్కడే నిలబడి, బొమ్మ తీసుకెళ్లి నాయనమ్మకు చూపిస్తుంది. ఆయన చెడ్డ తండ్రి కాదు, కూతురంటే ప్రాణం. ఫోన్‌కు కూడా ఒక గేటు కావాలన్న సంగతే ఆయనకు తోచలేదు. భోజనం దగ్గర నుంచి పడుకునేదాకా ఫోన్ వేరే గదిలో ఉంచితే చాలు. రేట్లు పొద్దున చూసుకోవచ్చు.

మగవాడి సెలవు ఆడవాళ్లకు రెట్టింపు పని కాకూడదు. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. దుకాణానికి సెలవులంటే ఇంటికి చుట్టాలు, నాలుగు రకాల వంటలు, రెండు పూటలా కాఫీలు. సెలవుకు తేదీ వేసేటప్పుడే ఆ రోజుల్లో వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి అన్నదీ తేల్చుకోవాలి. మగపిల్లలకు అన్నం వండటం, పప్పు తాలింపు పెట్టటం నేర్పటానికి వేసవి సెలవులకు మించిన సమయం లేదు.

ఇక పొలంలో పనిచేసే తల్లి సంగతి. మార్చిలో చిలకలూరిపేట వైపు ఏ కళ్లం దగ్గరికి వెళ్లినా తాలు కాయలు ఏరుతూ వరసగా కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ముక్కుకు, నోటికి కలిపి చీర కొంగు కట్టుకుని ఉంటారు. సాయంత్రం ఇంటికి రాగానే రెండేళ్ల బిడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది. ‘ఆగమ్మా, చేతులు మంట’ అని తల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. మజ్జిగ పోసుకుని కడుక్కుని, కొబ్బరినూనె రాసుకున్నా ఆ ఘాటు పూర్తిగా పోదు. బిడ్డ ముఖం తాకటానికి భయం. పొద్దుగూకేదాకా పని, ఆ తర్వాత ఈ మంట. బిడ్డకు దక్కేది ఎంతసేపు?

ఆమెకు ‘నెమ్మదించు తల్లీ’ అని చెప్పే హక్కు నాకు లేదు. పని ఆపితే ఆ రోజు కూలి పోతుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని మిరప కోతలకు ఇటు వలస వస్తాయి. బడి మానేసి వెంట వచ్చే పిల్లలుంటారు. అలాంటి పిల్లల కోసమే ప్రభుత్వం వాళ్ల ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది, అంటే చదువు సాగాలంటే బిడ్డ తల్లికి దూరంగా ఉండాలి. ఇక్కడ పనికీ కుటుంబానికీ సమతూకం కూలి ఇచ్చేవాడి చేతిలో ఉంది. కోతలు జోరుగా ఉన్నప్పుడు వారానికి ఒక పూట కూలి కోయకుండా సెలవివ్వటం, పసిబిడ్డ తల్లిని పొద్దుండగానే పంపటం, చేతి తొడుగులు, కడుక్కోవటానికి సబ్బు, నూనె కళ్లం దగ్గరే ఉంచటం, వెంట వచ్చిన పిల్లలను మన ఊరి బడి మేష్టారికి చూపించి కూర్చోబెట్టమని అడగటం. ఎకరాకు పెట్టే లక్షల ఖర్చులో ఇవెంత? కోతకు మేస్త్రీతో గుత్త మాట్లాడుకునే రోజునే ఈ నాలుగూ మాట్లాడుకోవచ్చు.