దరఖాస్తులో దాచిన మాట
పాఠభాగము: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక, 10–19 వచనములు



మన జుక్కల్‌లో ఒక యౌవనునికి విమానము నడపవలెనని ఆశ కలిగినదనుకొందము. ఇరువదవ యేట అతడు ఒక కొట్లాటలో చేరి శిక్ష పొందెను. ఇప్పుడు దరఖాస్తులో, “నీమీద ఎన్నడైనను క్రిమినల్ కేసు ఉండెనా?” అను ప్రశ్నయొద్ద కలము ఆగినది. లేదని వ్రాసిన ఎవరికి తెలియునని స్నేహితులందురు. మనమేమి చెప్పుదుము?

1. త్రోవ ఎట్టిది? కమర్షియల్ పైలట్ లైసెన్సునకు 18 సంవత్సరముల వయస్సు, మొదటి తరగతి వైద్యపరీక్ష, 200 గంటలు విమానము నడపిన అనుభవము కావలెను. అంతటితో తీరదు. విమానాశ్రయ ప్రవేశపత్రము ఇచ్చుటకు ముందు అతని పూర్వచరిత్రను విచారింతురు. 1967 పాస్‌పోర్టు చట్టము ప్రకారము, నైతిక పతనముతో కూడిన నేరమునకు 2 సంవత్సరములకు తక్కువ కాని శిక్ష పొందినవానికి 5 సంవత్సరములవరకు పాస్‌పోర్టు నిరాకరింపబడును. కావున దాచినది బయటపడుటకు ద్వారములు అనేకములు.

2. చట్టములో కనికరము కలదా? కలదు. 18 ఏండ్లు నిండకముందు తప్పిపోయిన బాలునికి 2015 బాలల న్యాయచట్టము, కొన్ని ఘోర నేరముల విషయములో తప్ప, ఆ తీర్పువలన అనర్హత కలుగనీయదు. అట్టివాడు వకీలు సలహా పొంది జవాబు వ్రాయుట మేలు. పెద్దవారి సంగతిలో, ఉద్యోగార్థి చెప్పునది సత్యమై యుండవలెనని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సత్యము చెప్పినవానిని తీసికొనక తప్పదను నిర్బంధము లేదు. అయినను అతని సంగతిని విచారించి నిర్ణయింపవచ్చును. సత్యమునకు వెల కలదని మనము అతనికి దాచకుండ చెప్పవలెను.

3. సంఘము చేయవలసినదేమి? పౌలు ఒనేసిమును పంపినప్పుడు అతని గతమును కప్పిపుచ్చలేదు. పూర్వము నిష్‌ప్రయోజకుడైనవాడు మారెనని తెలిపి, అతని అప్పునకు తానే పూచీపడి, తన చేతితో వ్రాసెను. ఆ యౌవనుడు నడవడి పత్రమునకై మనయొద్దకు వచ్చినప్పుడు ఏ తప్పు లేదని వ్రాయుట ప్రేమ కాదు. తలుపు మూయుటయు నీతి కాదు. జరిగినదానిని, తరువాత అతనిలో మనము చూచిన మార్పును, రెండును వ్రాసి సంతకము చేయుదము. అధికారి నిరాకరించినను, మన బల్లయొద్ద అతని స్థలము అతనిదే.

ఆలోచించుడి: మనలో ఎవరి గతమును మనము ఇంకను లెక్కలో ఉంచుకొనుచున్నాము? ఎవరికొరకు మన పేరు వ్రాయుటకు వెనుదీయుచున్నాము?