పటములో లోపించిన నెలలు

తెలకపల్లి మండలమున వానకాలము ముగిసి యాసంగి సమీపింపగానే గ్రామములందు ఒకే ప్రశ్న వినవచ్చును: “ఈ యేడు బావులలో నీరు ఎన్నాళ్ళు నిలుచును?” ఈ ప్రాంతమున నేలక్రింద ఉన్నది గట్టి రాయి. నీరు పైనున్న మెత్తని పొరయందును, రాతి పగుళ్ళయందును మాత్రమే నిలుచును. అందుచేత వానలు వెనుకపట్టిన కొలది నీటిమట్టము దిగజారును. ఆ మట్టమును నెలనెల కొలిచి, పటముగా గీసి, పంచాయతీ కార్యాలయపు గోడపై ఉంచుట మేలైన పద్ధతి. అయితే పటము నిజము చెప్పవలెనన్న, కొలిచిన నెలలతో పాటు కొలువని నెలలను గూడ చూపవలెను. ఆ విధమును ఈ పాఠమున తెలిసికొందము.

పటము గీయు విధము

కాలమును అడ్డముగను, అంకెలను నిలువుగను పఱచి గీత గీయు పద్ధతి 1786లో స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫేర్ ప్రచురించిన గ్రంథముతో ప్రసిద్ధికి వచ్చినది. మనకు కావలసినది ఒక గళ్ళ కాగితము మాత్రమే. పైభాగమున అడ్డుగీత గీచి జనవరి మొదలు డిసెంబరు వరకు పండ్రెండు నెలలు వ్రాయవలెను. ప్రతి నెలకును ఒకే వెడల్పుగల గడి ఉండవలెను. ఎడమవైపు నిలువుగీతపై నేలనుండి నీటివరకు గల లోతును మీటర్లలో గుర్తింపవలెను. సున్న పైన ఉండి, లోతు పెరిగినకొలది అంకె క్రిందికి పోవలెను. అప్పుడు బావిలో నీరు దిగినచో పటములో గీతయు దిగును. చదువురానివారికి సైతము అది బోధపడును.

ఒక ఉదాహరణము

పశువుల తొట్టికి నీరిచ్చు 13 మీటర్ల లోతుగల ఒక బావిని ఊహింతము. ఈ అంకెలు ఉదాహరణకై కల్పించినవి. డిసెంబరులో నీరు 6 మీటర్ల లోతున, జనవరిలో 7, ఫిబ్రవరిలో 8 మీటర్ల లోతున ఉన్నది. తరువాత నాలుగు నెలలు ఎవరును కొలువలేదు. జూలైలో 12, ఆగస్టులో 9 మీటర్లు. దీనిని పటముగా గీయునపుడు మూడు పొరపాట్లు జరుగవచ్చును.

మొదటిది, ఫిబ్రవరి ప్రక్కనే జూలైని వ్రాయుట. అప్పుడు ఒక్క నెలలోనే నీరు 4 మీటర్లు దిగిపోయినట్లు కనబడి గ్రామస్థులు భయపడుదురు. నిజమునకు అది అయిదు నెలల అంతరము. సగటున నెలకు 0.8 మీటరు మాత్రమే.

రెండవది, కొలువని నెలలలో సున్న వేయుట. ఈ పటములో సున్న యనగా బావి నేలమట్టము వరకు నిండినదని అర్థము. నడివేసవిలో బావి పొంగినదని పటము చెప్పును! వర్షపు పటములో సున్న వేసినచో వాన కురియలేదని అర్థమగును. వాన లేకపోవుట వేరు, కొలత లేకపోవుట వేరు.

మూడవది, అన్నిటికంటె హానికరమైనది: ఫిబ్రవరి చుక్కను, జూలై చుక్కను గీతతో కలుపుట. ఆ గీత ప్రకారము మే నెలలో నీరు 10.4 మీటర్ల లోతున ఉండవలెను. కాని జూన్, జూలై వానలకు నీరు కొంత పైకి వచ్చిన పిదప తీసిన కొలత 12 కావచ్చును. మే నెలలో బావి అడుగంటియే ఉండవచ్చును. గీతను నమ్మి, బావి చాలునని తలచి వేరు ఏర్పాటు చేయనిచో, మరుసటి వేసవిని పశువులు దప్పితో అలమటించును.

సరియైన పద్ధతి

కొలువని నెలల గడులను అట్లే ఉంచి, వానిపై ఏటవాలు గీతలు గీచి, “కొలత లేదు” అని వ్రాయవలెను. ఫిబ్రవరి వద్ద గీత ఆగి, మరల జూలై వద్ద మొదలుకావలెను. బావి ఎండినచో అది లోపించిన నెల కాదు. అదియును ఒక కొలతయే. బావి అడుగు లోతువద్ద క్రిందిచూపు బాణము వేసి “ఎండినది” అని వ్రాయవలెను. వర్షపు పటములో, నెలలో కొన్ని దినములే కొలిచినచో, ఎన్ని దినముల మొత్తమో ప్రక్కన తెలుపవలెను.

ఇతరుల లెక్కలను ఉపయోగించునపుడును ఈ జాగ్రత్త అవసరము. కేంద్ర భూగర్భజల మండలి పరిశీలన బావులను సాధారణముగా ఏటికి నాలుగుమారులు కొలుచును: జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో. నవంబరునుండి జనవరికి రెండే నెలలు. ఆగస్టునుండి నవంబరుకు మూడు. వీనిని సమాన దూరమున గీయుట తప్పు. జనాభా పటమునందును అంతే. 2001, 2011 లెక్కల నడుమ పది సంవత్సరములు. 2021లో జరుగవలసిన లెక్కలు జరుగలేదు. తరువాతి లెక్కలకు నిర్ణయింపబడిన సంవత్సరము 2027. పదునారేండ్ల అంతరమును పదునారేండ్లుగనే చూపవలెను.

సభ్యుల కర్తవ్యము

2024 ఫిబ్రవరినుండి 2025 డిసెంబరు ఎన్నికల వరకు తెలంగాణ గ్రామములలో ఎన్నికైన పాలకవర్గములు లేవు, ప్రత్యేకాధికారులు పాలించిరి. క్రొత్త సభ్యులు పాత పటములను చూచునపుడు ఏ నెలల కొలతలు ఉన్నవో, ఏవి లేవో మొదట విచారింపవలెను. 2016 అక్టోబరు 11కు పూర్వము తెలకపల్లి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. అంతకు ముందటి లెక్కలను ఆ జిల్లా పేర వెదుకవలెను. దొరకిన అంకెను చేర్చవచ్చును. దొరకనిచో ఊహించి వ్రాయరాదు.

ఇకమీదట ప్రతి నెల ఒకే తేదీన, ఉదయము మోటారు వేయుటకు ముందే కొలత తీయింపుడు. కొలుచువారు ఊరిలో లేనపుడు ఆ పని చేయుటకు మరియొకరిని ముందే నియమింపుడు. అయినను ఒక నెల తప్పినచో దాచవలదు. గోడపై కనబడు ఖాళీ గడి సభ్యులకు సిగ్గుచేటు కాదు. వచ్చే యేడు ఆ నెలను విడువకుడని చెప్పు హెచ్చరిక.