దృశ్యాలను దాచే పెట్టె

హోసూరులో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆ ఇంటి అమ్మాయి పాల్గొన్న నృత్య ప్రదర్శన ఆదివారం ఉదయం టెలివిజన్‌లో ప్రసారం కానుంది. ఆ సమయానికి తండ్రి కర్మాగారంలో పనిలో ఉంటాడు. కుప్పం దగ్గరి పల్లెలో ఉన్న అవ్వ పండుగకు గాని రాదు. పండుగ ఇంకా నెల రోజులుంది. ప్రసారం నోటి మాట వంటిది. ఆ క్షణంలో ఉన్నవారికే అది దక్కుతుంది. అందుకే దానిని రికార్డు చేయాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. కాని ఏ పరికరం కొనాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1975లో జపాను దేశపు సోనీ సంస్థ బీటామాక్స్ అనే రికార్డరును విడుదల చేసింది. మరుసటి ఏడాది జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. పద్ధతిని తెచ్చింది. తొలి బీటామాక్స్ క్యాసెట్టులో ఒక గంట కార్యక్రమమే పట్టేది. వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో రెండు గంటలు పట్టేది. ప్రజలు వి.హెచ్.ఎస్. వైపు మొగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం. బీటామాక్స్ రికార్డర్ల తయారీ 2002లో నిలిచిపోయింది. 2016లో జపాను సంస్థ ఫునాయ్ వి.హెచ్.ఎస్. రికార్డర్ల తయారీని కూడా ఆపివేసింది. నేడు ఎన్నో ఇళ్లలో పెళ్లి క్యాసెట్లు బీరువాలో ఉన్నాయి. వాటిని ఆడించే యంత్రం మాత్రం లేదు.

ఇప్పుడు దృశ్యాన్ని అంకెల రూపంలో దాచుకొంటున్నాం. సాధారణ టెలివిజన్ చిత్రం అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలతో ఏర్పడుతుంది. అంటే మొత్తం 4,14,720 చుక్కలు. హై డెఫినిషన్ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అవి మొత్తం 20,73,600. ఇది సరిగ్గా అయిదు రెట్లు! నర్తకి కాలి గజ్జెలు కూడా స్పష్టంగా కనబడడానికి కారణం ఇదే.

చుక్కలు పెరిగితే దాచే చోటు కూడా పెరగాలి. ఒక ప్రసారం సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వస్తున్నదనుకుందాం. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3,600 మెగాబైట్లు, అనగా 3.6 గిగాబైట్లు కావాలి. 500 గిగాబైట్ల డిస్కులో సుమారు 138 గంటల కార్యక్రమాలు పడతాయి.

బజారులో దొరికే పరికరాలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, లోపలే హార్డ్ డిస్కు ఉన్న సెట్‌టాప్ బాక్సు. ఇందులో రెండు ట్యూనర్లుంటే ఒక చానల్ చూస్తూ మరొకటి రికార్డు చేయవచ్చు. రెండవది, పెన్‌డ్రైవునో విడి డిస్కునో తగిలించుకొనే బాక్సు. ఇది చవక. అయితే కొన్ని బాక్సులు డిస్కును తగిలించగానే అందులోని పాత విషయాలను చెరిపివేస్తాయి. మూడవది, ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో కలిపే పాత రికార్డరు. పసుపు తీగ హై డెఫినిషన్ చిత్రాన్ని మోయలేదు. కనుక చిత్రం సాధారణ స్థాయికి దిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. డబ్బు కట్టి చూసే చానళ్లను సంస్థలు గూఢలిపిలో ప్రసారం చేస్తాయి. వాటి రికార్డింగు సాధారణంగా ఆ బాక్సులోనే ఆడుతుంది. డిస్కును మరో ఇంటికి తీసుకుపోయినా బొమ్మ రాదు. బాక్సు చెడిపోయినా, చందా ఆగిపోయినా దాచుకున్నది పోవచ్చు. పెట్టె మనదే, తాళంచెవి మాత్రం మన దగ్గర లేదు!

చట్టం సంగతీ తెలుసుకోవాలి. తరువాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పింది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలోనూ సొంత వినియోగం కోసం ప్రసారాన్ని రికార్డు చేసుకోవడానికి మినహాయింపు ఉంది. ప్రతులు తీసి అమ్మడానికి మాత్రం వీలులేదు.

ఇంతకూ హోసూరు కుటుంబం ఏం చేయాలి? ముందుగా తమ అవసరమేమిటో తేల్చుకోవాలి. తరువాత చూడడం వేరు, కలకాలం దాచుకోవడం వేరు. పండుగకు వచ్చే అవ్వకు చూపించడానికి డిస్కు ఉన్న బాక్సు చాలు. ఆదివారం కరెంటు పోతే రికార్డింగు ఆగిపోతుంది కనుక ఇన్వర్టరు ఉంటే మరీ మంచిది. కాని ఆ అమ్మాయి పెద్దదై తన పిల్లలకు చూపాలంటే బాక్సును నమ్ముకోరాదు. ప్రసార సంస్థకు ఉత్తరం రాసి ఒక ప్రతిని కోరాలి. అది దొరికితే రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి. కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కులోకి మార్చుకోవాలి. యంత్రాలు పాతబడతాయి. జ్ఞాపకాలను కాపాడుకోవలసింది మనమే.

అభ్యాసం

1. బీరువాలోని పెళ్లి క్యాసెట్ల నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
2. "పెట్టె మనదే, తాళంచెవి మాత్రం మన దగ్గర లేదు" – ఈ మాటను వివరించండి.
3. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వచ్చే కార్యక్రమానికి గంటకు ఎన్ని గిగాబైట్ల చోటు కావాలో లెక్కించండి.
4. మీ ఇంట్లో కలకాలం దాచదగిన దృశ్యం లేదా ధ్వని ఏదైనా ఉందా? దానిని ఎలా కాపాడుతారో పది వాక్యాలలో రాయండి.