ఫుడ్ ట్రక్కు కొనేముందు చోటు ఖాయం చేసుకోండి

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు దగ్గర పొద్దు పొడవకముందే టిఫిన్‌కి గిరాకీ ఉంటుంది. హమాలీలు, లారీ డ్రైవర్లు, ప్రకాశం పల్లెల నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకొచ్చిన రైతులు, అందరికీ వేడివేడి ఇడ్లీ కావాలి. అది చూసి, పాత మినీ ట్రక్కు కొని వెనకాల వంటగది కట్టిద్దామనుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. బండి బేరం తర్వాత, ముందు నిలబెట్టే చోటు తేల్చుకోండి. ఆ నేల ఎవరిదో తెలిస్తేగాని ఏ ఆఫీసు మెట్లెక్కాలో తెలియదు.

యార్డు లోపలైతే వ్యవసాయ మార్కెట్ కమిటీని అడగాలి. బయట ఊరి రోడ్డయితే నగరపాలక సంస్థ, పల్లెలో అయితే పంచాయతీ. చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన జాగా ఖాళీగా ఉంది కదా అని దిగొద్దు. రహదారి భూమిలో అనుమతి లేకుండా పెడితే 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద తీయించేస్తారు. పత్తి మిల్లు ఆవరణలో అయితే యజమాని అంగీకారం కాగితం మీద రాయించుకోండి.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం మీకు అండే. పట్టణ వెండింగ్ కమిటీ సర్వేలో పేరెక్కితే అమ్మకపు సర్టిఫికెట్ వస్తుంది. కాకపోతే వేరే జీవనాధారం లేదని, తానో ఇంటివాళ్లో అమ్ముతామని, సర్టిఫికెట్ అద్దెకివ్వమని హామీ రాసివ్వాలి. పెట్టుబడి పెట్టి జీతగాళ్లతో నడిపించే ఆలోచన ఉంటే ఈ దారి మీది కాదు. నగరపాలక సంస్థలో ట్రేడ్ లైసెన్సు సంగతి అడగండి.

బండి విషయంలో చాలామంది దెబ్బతినేది వెల్డింగ్ షాపు దగ్గరే. బాడీ కోసి కిటికీ పెట్టించి, ఆ తర్వాత రవాణా శాఖకు వెళతారు. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. ముందే అనుమతి తీసుకుని, మార్పును ఆర్‌సీలో ఎక్కించాలి. ఆర్‌సీలో ఒకటి, రోడ్డు మీద మరొకటి ఉంటే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీతో పేచీ తప్పదు.

ఆహార భద్రత కాగితమే అన్నిట్లోకీ సులువు. 2011 నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకమున్న చిన్న వ్యాపారికి 100 రూపాయల రిజిస్ట్రేషన్ చాలన్నాయి. పరిమితులు మారుతుంటాయి, దరఖాస్తు రోజున ఆహార భద్రతా సంస్థ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో సరిచూసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు కొనేవాళ్లకు కనిపించేలా బండి మీద పెట్టాలి.

తనిఖీకి వచ్చినవాళ్లు బాణలి చూస్తారు. మిరపకాయ బజ్జీ వేసిన నూనెనే మర్నాడూ మరిగించి, నల్లబడినా పారబోయకపోతే నేరం మీదే. నూనె మరిగేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన. బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టివ్వకూడదు, సిరా తిండికి అంటుతుంది. ఆకులో పెట్టివ్వండి. ఇంటి 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోలది తీసుకోండి. దాని బిల్లు బండిలోనే ఉంచండి.